మనకెందుకు ఆ గొడవలు అనేవాళ్ళు ఒకసారి మా చెరువు గట్టు మీదికి రండి

"ట్రంపు, పుతిన్ ఏం చేసుకుంటే మనకెందుకు? సామాన్యుడికి అంతర్జాతీయ రాజకీయాల మీద అభిప్రాయాలుంటే ఒరిగేదేంటి?" అని ఒకరు ప్రశ్న వేశారు. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో కూర్చుని అడిగితే సబబుగానే ఉంటుందేమో. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. బాబాయీ నేనూ కలిసి లీజుకి తీసుకుని రొయ్యల చెరువులు చేస్తాం. మా టీ కొట్టు దగ్గర ఈక్వెడార్‌ని తిట్టని మనిషి లేడు. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే తడుముకుంటారు గానీ, వాళ్ళ రొయ్య అమెరికాలో మన రొయ్య కంటే ఎంత చవగ్గా దిగుతోందో అడగండి, గడగడా చెప్తారు.

2025 ఏప్రిల్ 3 తెల్లవారుజామున మాకు పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మే రోజు. ముందురోజు సాయంత్రమే ఏజెంటుతో రేటు మాట్లాడేసుకున్నాం. మేత ఆపేశాం. అర్ధరాత్రి దాటాక చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకూడదు, కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి మనిషి ఉండాలి. ఆ రాత్రి కాపలా బాబాయిది. ఒంటిగంటన్నర దాటాక ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, పడుకున్నావా? వీడు అట్ట పట్టుకుని ఏదో చదువుతున్నాడు, ఒకసారి చూడు" అన్నాడు. వాషింగ్టన్‌లో అప్పుడు సాయంత్రం నాలుగు దాటింది. ట్రంపు చేతిలో పెద్ద అట్ట, దాని మీద దేశాల పేర్లు, ఎదురుగా ఆ దేశాల సరుకు మీద వేసే సుంకం శాతాలు. ఇండియాకి 26. ఈక్వెడార్‌కి 10. అప్పటికే మన రొయ్య మీద అమెరికాలో మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగ్ సుంకం ఒకటి, సబ్సిడీలకు విరుగుడుగా వేసే సుంకం ఇంకొకటి ఉన్నాయి. ఇది వాటి మీద అదనం.

తెల్లారేసరికి కూలీలు వలలతో దిగారు, ఐసు వచ్చింది, ట్రేలు దించారు. ఏజెంటు మాత్రం మోటార్ సైకిల్ దిగలేదు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి, "కంపెనీ వాళ్ళు రేటు తగ్గించేశారండి. నా చేతుల్లో ఏం లేదండి" అన్నాడు. కిలోకి ఇంచుమించు నలభై రూపాయలు కోత. ఈలోగా బాబాయి విసురువల వేయించి, కిలో తూకం కట్టించి, కౌంట్ తీయిస్తున్నాడు. కిలోకి తొంభై ఎనిమిది రొయ్యలు తూగాయి, అంటే వంద కౌంట్ సరుకు. ఆ ట్రే తీసుకెళ్ళి ఏజెంటు ముందు పెట్టాడు. "అమెరికా వాళ్ళకి ఎక్కువగా కావాల్సింది పెద్ద సైజు కదండీ. ఈ చిన్న కౌంట్ చైనా వైపు పోయేది. చైనా వాడేమైనా ట్యాక్సు వేశాడా?" అని అడిగాడు. ఏజెంటు నవ్వాడు. "పైనుంచి అలా చెప్పారండి" అన్నాడు. పైన అంటే ఎవరో ఆ గట్టు మీద ఎవరికీ తెలీదు.

పైగా ఆ రొయ్య ప్లాంటుకెళ్ళాలి, తల తీయాలి, ఒలవాలి, గడ్డకట్టించాలి, కంటైనర్ ఎక్కించాలి, ఓడలో అమెరికా చేరాలి. దానికి నెల పైనే పడుతుంది. సుంకం కట్టేది అక్కడ సరుకు దిగాక. మాకు మాత్రం అట్ట చదివిన నాలుగైదు గంటలకే కోసేశారు. మెత్తరొయ్య ఉందని ఒక కోత, నీటి బరువని ఒక కోత ఎప్పుడూ ఉండేవే.

"అయితే అమ్మడం మానేయొచ్చుగా" అనకండి. మేత ఆపేసిన చెరువు, వచ్చి కూర్చున్న కూలీలు, కరిగిపోతున్న ఐసు. మళ్ళీ మేత మొదలుపెట్టి పది రోజులు ఆగుదామంటే, పక్క చెరువులో రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ రోగం వచ్చిందని అప్పటికే చెప్పుకుంటున్నారు. అది మన గట్టు దాటితే ఆ రేటు కూడా ఉండదు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారే, అది మాకు ఆ పొద్దున అనుభవమైంది. ఇచ్చేశాం.

ఏప్రిల్ 9న ట్రంపే ఆ పెంపును 90 రోజులు వాయిదా వేశాడు. పది శాతమే మిగిలింది. మరి ఆ లెక్కన మర్నాడు పొద్దున్నే రేటు పాత చోటికి రావాలి కదా? వచ్చింది లెండి, నింపాదిగా, మా చుట్టుపక్కల సగం చెరువులు ఖాళీ అయ్యాక.

అందుకే నేననేది, సుంకం ఎంత శాతమో వాషింగ్టన్‌లో తేలుస్తారు, దాంట్లో రైతు నెత్తిన ఎంత పడాలో మాత్రం ఇక్కడే తేలుస్తారు. దాని మీద మన ప్రభుత్వాలకు బోలెడంత అధికారం ఉంది. ఏ కౌంట్ ఏ దేశానికి పోతోందో, ప్లాంటులో ఎంత సరుకు నిల్వ ఉందో, పాత ఆర్డరు రేటు ఎంతో, అన్నీ కాగితాల మీద ఉండేవే. రోజూ పొద్దున అవి బయటపెట్టమని ఒక ఆర్డరు వేస్తే చాలు. రాష్ట్రంలో ఆక్వా కోసం 2020లో ప్రత్యేక చట్టాలు కూడా వచ్చాయి. ఆ ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాశారు. రాయడం మంచిదే, కాదనను. కానీ లేఖ ఢిల్లీకి, రేటు గట్టుకి. ఏ పార్టీ వచ్చినా ఇదే వరస. ఎన్నికల ముందు కరెంటు యూనిట్ రూపాయిన్నర అంటారు, గెలిచాక మీది ఆక్వా జోనా, నాన్ జోనా, ఎన్ని ఎకరాలు అని మొదలుపెడతారు. లీజుదారుడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు కాబట్టి మాకు ఆ చర్చే అక్కర్లేదు.

అదే ఏడాది ఆగస్టులో ఇంకా విచిత్రం జరిగింది. 7వ తేదీ నుంచి 25 శాతం. రష్యా నుంచి చమురు కొంటున్నామని 27 నుంచి ఇంకో 25 వేశారు. చమురు కొన్నది ఎవరు, జరిమానా ఎవరికి! చవక చమురు వస్తోందని టీవీలో చెప్తూనే వచ్చారు, మా జనరేటర్‌లో పోసే డీజిల్ రేటు మాత్రం అప్పుడు బంకులో అలాగే ఉండేది. రష్యా చమురు కొనడం తప్పని నేననను. ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొంటాం, ట్రంపు ఎవరు వద్దనడానికి? కానీ ఆ లాభంలో నయాపైసా చూడనివాడు నష్టంలో మాత్రం వాటా ఎందుకు కట్టాలి? టీవీ చర్చల్లో ఒక్క మేధావి కూడా ఈ మాట అడగగా నేను వినలేదు. వాళ్ళకి ఎవరి ఒత్తిడికీ లొంగని వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి కావాలి. అదెన్ని కౌంటో నాకు తెలీదు.

తమాషా ఏంటంటే మేం పెంచే ఈ వనామీ రకం రొయ్య అసలు మనది కాదు. 2009లో అనుమతిచ్చారు. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు తల్లి రొయ్యలు ఇప్పటికీ చాలావరకు అమెరికా నుంచే, హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో వస్తాయి. తల్లిని వాడే అమ్ముతాడు, పిల్లని పెంచి పంపితే పన్ను వేస్తాడు.

రొయ్య వాళ్ళ సంగతేనా ఇది? 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. కాకినాడ రేవు నుంచి బియ్యం పోయే జిల్లాల్లో ధాన్యం అమ్ముకునేవాడికి అది విదేశీ వార్త ఎలా అవుతుంది? కువైట్‌కి మనుషుల్ని పంపిన కోనసీమ ఇళ్ళకెళ్ళి ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన 1990 ఆగస్టు గురించి అడగండి, సద్దాం పేరు ఇప్పటికీ ఎలా పలుకుతారో చూద్దురుగాని. చదువుకున్నవాళ్ళు సరదాకి మాట్లాడతారు, మేం గత్యంతరం లేక మాట్లాడతాం. నా ఉద్దేశంలో మా టీ కొట్టు విశ్లేషణే మెరుగు. తప్పు చెప్పినవాడికి ఆ నెల అప్పు పెరుగుతుంది, యాంకర్‌కి ఏం పెరుగుతుంది?

అంతా ట్రంపు పాపమే అని మా వాళ్ళు అంటే మాత్రం ఒప్పుకోను. చుట్టూ కాలువలు పెట్టుకుని తాగడానికి టిన్ను నీళ్ళు కొనుక్కునే స్థితికి మా ప్రాంతం వచ్చిందంటే అది వాషింగ్టన్ చేసింది కాదు. ఆ నీళ్ళు పాడవడంలో మా చెరువుల వాటా ఎంతో వేరే ప్రశ్న వేయండి, వేరే జవాబు రాస్తాను. తిట్లు కూడా తింటాను.

బాబాయి ఆగస్టు దెబ్బ తర్వాత రెండు చెరువుల్లో రొయ్య మానేసి చేప వేశాడు. బొచ్చె, శీలావతి. "ఇది మన దేశంలోనే తింటార్రా, ఏ ట్రంపూ అడ్డం రాడు" అన్నాడు. మన చేప ఎక్కువగా పోయేది బెంగాల్, అస్సాం వైపు. 2018లో ఫార్మలిన్ కలుపుతున్నారని అస్సాం కొన్నాళ్ళు ఆంధ్రా చేపని ఆపేసిన సంగతి గుర్తుచేశాను. అప్పట్నుంచి రాత్రి కాపలాలో అమెరికా వదిలేసి, గౌహతి వార్తలు చూస్తున్నాడు. అస్సాం ఆరోగ్య మంత్రి ఎవరు, ఎలాంటివాడు అని నిన్న నన్నడిగాడు.