గోండిని పక్కన పెట్టి తెలుగు చరిత్ర రాయకు

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

నీ వ్యాసం చేరింది. చేయి బాగా తిరుగుతోంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, మొదటి పేజీ మొత్తం కొట్టెయ్. తెలుగు ఎంత తియ్యనిదో, ఎంత పాతదో చెప్పే ఆ పేజీలో నువ్వు లేవు, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన అహేరి లేదు, మన సిరొంచ లేదు. ఎక్కడివాళ్లైనా రాయగలిగిన పేజీ అది. అసలు సంగతి వ్యాసం చివర్లో ఒక్క వాక్యంలో దాక్కుంది: ‘మా దగ్గర గోండులు మాట్లాడేది చెడిపోయిన తెలుగు’ అన్నావు. ఆ మాట తప్పు. కానీ నీ వ్యాసం మొదలు కావలసింది అక్కడే.

గోండి తెలుగు నుంచి పుట్టలేదు, తెలుగు చెడితే వచ్చిందీ కాదు. రెండూ ఒకే తల్లి బిడ్డలు. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961లో వెలువడిన తన పరిశోధనలోనూ, 2003లో ద్రావిడ భాషలన్నిటి మీదా రాసిన పెద్ద గ్రంథంలోనూ తెలుగును గోండి, కుయి, కువి, కొండ భాషల పక్కన కూర్చోబెట్టారు. పెంగో, మండ కూడా ఆ గుంపులోవే. తమిళం, మలయాళం, కన్నడం, తుళు వేరే శాఖ. ‘రెండు’ చూడు. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు. మనం ముందున్న అచ్చును జరిపేసి ‘ర’తో మొదలుపెడతాం. గోండులు ‘రండ్’ అంటారు, వాళ్లూ అదే పని చేశారు. చెన్నై కంటే మన జిల్లాలోని గోండుల భామ్రాగడ్ మనకు దగ్గర చుట్టమని ఒప్పుకోవడం చాలామందికి కష్టంగా ఉంటుంది. పుస్తకాలున్న భాషలే చుట్టాలని బడి మనకు నేర్పింది మరి.

ఇప్పుడు ఉప్పు సంగతి. మనం ఉప్పు అంటాం, తమిళులూ ఉప్పే అంటారు. ఈ మాటకు మూల ద్రావిడంలో, అంటే ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషలో, ముందు ‘చ’ ఉండేదని పండితులు తేల్చారు. మన దాంట్లో, తమిళంలో అది ఎప్పుడో రాలిపోయింది. గోండిలో రాలలేదు, ‘స’గా మారి నిలిచింది. ఆదిలాబాద్ వైపు గోండుల నోట అది ‘సొవర్’. కొండల్లోని మాడియా గోండుల దగ్గరికి వెళ్తే ‘హొవర్’. గోదావరి వెంట దిగువకు, కోయల నేలకు వెళ్తే ‘ఒవర్’. ‘స’ పలచబడి ‘హ’ అయింది, ‘హ’ కూడా జారిపోయి అచ్చు మిగిలింది. మన భాషలో రాతలు పుట్టక ముందే జరిగిపోయిన మార్పును పోలినది ఈ భాషలో ఊరికి ఊరుగా, మెట్టు మెట్టుగా పరచుకుని ఉంది. ఆ నేలలన్నిటికీ నడుమ, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మనం కాపురం ఉంటున్నాం. ఇది చూడటానికి హైదరాబాద్ నుంచీ, విదేశాల నుంచీ పండితులు వచ్చారు. నువ్వు బస్సెక్కితే చాలు.

అంకెల్లోనూ ఇదే కనిపిస్తుంది. మన ఐదు గోండిలో సైయుంగ్, మన ఆరు సారుంగ్. మనం పోగొట్టుకున్న హల్లును వాళ్లు దాచిపెట్టారు. చెడిపోయిన తెలుగైతే తెలుగులో లేని పాత ధ్వని దాని దగ్గర ఎలా ఉంటుంది? నీ ఆ వాక్యానికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం బాగా గుర్తుపెట్టుకో. రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలపకు. యవత్మాల్, ఆదిలాబాద్ వైపు ఉండే కొలాం గిరిజనుల భాష కొలామిలో తెలుగు మాటలు బోలెడు. అవి ఇరుగుపొరుగున ఉండి తెచ్చుకున్నవి. కొలామి మన శాఖ కాదు, పర్జీ, గదబలతో కలిసిన మధ్య శాఖ. చుట్టరికం తేల్చేది పోలిక కాదు, తేడా ఒక పద్ధతిగా రావడం. చెవికి కన్నడంలో కివి, చెరువుకు కెరె. చిలుక తమిళంలో కిళి. ఇ, ఎ ముందున్న ‘క’ మన దగ్గర ‘చ’ అయింది. ఏదో ఒక్క మాటలో కాదు, వరసగా. గోండిలో చెవి ‘కవి’, చెయ్యి ‘కై’, అంటే అక్కడా ‘క’ కదలలేదు. ఇలా వరస దొరికే దాకా కలం ఆపు. టెన్షన్ పడకు, ఆగినందుకు ఎవరూ ఏమీ అనరు.

సంవత్సరాల దగ్గర కూడా నీకు తొందర ఎక్కువ. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిది, మన మొదటి తెలుగు శాసనంగా చెప్పుకునేది అదే. అది రాత వయసు, భాష వయసు కాదు. గోండికి మంగళ్‌సింగ్ మసరాం లిపి తయారు చేసింది 1918లో. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చేరింది. అంతమాత్రాన గోండి నిన్నటి భాష అయిపోదు కదా. ఈ ద్రావిడ భాషల కుటుంబం మొత్తం సుమారు 4500 ఏళ్ల పాతదని 2018లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఆ వయసు తెలుగుకెంతో గోండికీ అంతే. ఇక సింధు లిపిని నీ వ్యాసంలోంచి తీసెయ్. దాన్ని ఇంకా ఎవరూ చదవలేదు, చదవని దాని మీద ఇల్లు కట్టకు.

సంస్కృతం నుంచి తెలుగు పుట్టలేదని నిరూపించడానికి నువ్వు చాలా పేజీలు ఖర్చు పెట్టావు. 1816లోనే ఎల్లిస్ దొర మద్రాసులో ఆ పని చేశాడు, 1856లో కాల్డ్‌వెల్ దాన్ని విస్తరించాడు. ఒక పేరా చాలు.

ఆ మిగిలిన చోటు మరాఠీకి ఇవ్వు. మరాఠీ మీడియంలో చదివానని ఉత్తరంలో ఏదో లోటులా రాశావు. నాకు అది నీ బలంగా కనిపిస్తోంది. హిందీలో ‘హమ్’ ఒక్కటే. మరాఠీలో ఎదుటివాళ్లను కలుపుకుంటే ‘ఆపణ్’, కలుపుకోకపోతే ‘ఆమ్హీ’, అచ్చం మన ‘మనం’, ‘మేము’ లాగా. మనం ‘వస్తానని చెప్పాడు’లో వాడే ‘అని’ లాగే మరాఠీవాళ్లు ‘మ్హణూన్’ వాడతారు. అదీ ‘అను’ లాంటి క్రియ నుంచి వచ్చిందే. ద్రావిడ భాషల పక్కన, వాటి మీద పెరిగినందువల్లే మరాఠీకి ఈ పోకడలు అబ్బాయని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. రెండు భాషల్లోనూ కలలు కనే పిల్ల ఇది రాస్తే ఎంత బాగుంటుందో ఆలోచించు.

ఇంకొకటి, నాకు ఎంతో ఇష్టమైనది. మనం ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాం. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు వచ్చారు, బండ్లు వచ్చాయి. గోండిలో బహువచనంలో కూడా ఆడవాళ్లకు వేరే రూపం లేదు, మగవాళ్లు కాని వాళ్లంతా, కానివన్నీ ఒకే గుంపు. మూల ద్రావిడం పద్ధతి అదేనని భద్రిరాజు వారి వాదన. దీని మీద నీకు కోపం వస్తే ఆ కోపమూ రాయి, కానీ ముందు ఆ వ్యాకరణం సరిగ్గా రాయి.

మాటలు పోగు చేయడానికి వెళ్లినప్పుడు నోట్‌బుక్ తెరిచి ‘దీన్నేమంటారు, దాన్నేమంటారు’ అని వరసపెట్టి అడగకు. అలా అడిగితే నీకు అర్థమవుతుందని తెలుగు మాటే చెబుతారు. అంగడిలో కూర్చో, వాళ్లలో వాళ్లు బేరమాడుకునేది విను. ప్రతి మాట పక్కనా ఊరి పేరు, తేదీ, చెప్పినవాళ్ల వయసు రాసుకో. రికార్డు చేసే ముందు అడుగు. 2011 జనాభా లెక్కల్లో గోండి తమ భాష అన్నవాళ్లు 29 లక్షల 84 వేల మంది. అంతమంది మాట్లాడే భాష రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, అదే ఎనిమిదో షెడ్యూల్‌లో, లేదు. మన పిల్లలు దాన్ని చెడిపోయిన తెలుగు అని రాస్తే వాళ్ల మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించు.

ఈసారి పంపేటప్పుడు నీ వ్యాసంలోని గోండి మాటలన్నిటి పక్కనా ఊర్లు వేసి పంపు. ‘హ’తో రాసినవి ఏ ఊళ్లో విన్నావో నాకు వెంటనే తెలియాలి, అవి భామ్రాగడ్ వైపువా, ఇంకా కిందివా అన్నదాన్ని బట్టి నీ రెండో భాగం మారిపోతుంది.

ఇట్లు,
నీ మేలు కోరే
సిరొంచ పెదనాన్న