శాస్త్రం ఒకటంటోంది, గురువుగారు ఇంకోటంటున్నారు, నాకు జరిగింది వేరే... ఎవర్ని నమ్మను?

మీ ఉత్తరం చాలా పెద్దది, కాస్త కుదించి చెప్తున్నా. మీకు 38 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. అత్తగారు రోజూ గీత, ఉపనిషత్తులు చదువుకునే మనిషి, శాస్త్రంలో లేనిది ఏదీ ప్రమాణం కాదంటారు. మీ ఆయన మూడేళ్ళుగా ఒక గురువుగారి దగ్గర చేరి ఆయన మాటే వేదం అంటున్నారు. మీరేమో ఈ రెండు గోలలూ లేకుండా తెల్లవారుజామున ఒక్కరే కళ్ళు మూసుకుని కూర్చునేవారు, ఏడు నెలల క్రితం ఒకరోజు "నేను" అన్నదే లేకుండా పోయి, భయం అన్నది లేకుండా చాలాసేపు ఉండిపోయారు. అది మీ ఆయనకి చెప్తే ఆయన వెళ్ళి అక్కడి సీనియర్లకి చెప్పేశారు, గురువు లేకుండా వచ్చింది భ్రమ, పైగా అహంకారం అని వాళ్ళు తేల్చేశారు. ఆ అనుభవం మళ్ళీ రాలేదు. వచ్చే నెల మీరూ దీక్ష తీసుకోవాలని ఇప్పుడు ఇంట్లో పట్టు పడుతున్నారు.

చూడండమ్మా, ఆ రోజు మీకు ఏదో జరిగింది, అది మాత్రం ఖాయం. దాన్ని లేదనే హక్కు అత్తగారికీ లేదు, సీనియర్లకీ లేదు, నాకూ లేదు. కానీ అదేంటి, ఎందుకొచ్చింది, దాన్ని బట్టి మీరు ఎవరు అన్నవి ఆ అనుభవంలో ఉండవు, అవన్నీ కళ్ళు తెరిచాక మనం అతికించుకునేవి. పన్ను నొప్పి లాంటిదే ఇది, నొప్పి ఉందన్న విషయంలో మీ మాటే ఫైనల్, ఏ పన్ను చెడిందో మాత్రం నొప్పి సరిగ్గా చెప్పలేదు, ఒక్కోసారి చెడింది ఒకటైతే నొప్పి పక్కదాంట్లో తెలుస్తుంది. మీకు జరిగినట్టే జరిగిన ఇంకొకరు దేవుడు కనిపించాడంటారు, ఇంకొకరు అంతా శూన్యం అంటారు, మరొకరు నాకు పిచ్చెక్కుతోందేమో అని హడలిపోతారు. అందుకే "నా అనుభవమే నాకు ప్రమాణం" అని గట్టిగా అనేవాళ్ళని చూస్తే నాకు కొంచెం కంగారు, వాళ్ళు అనుభవాన్ని నమ్ముతున్నారో దానికి తాము పెట్టుకున్న పేరుని నమ్ముతున్నారో వాళ్ళకే తెలీదు.

అలాగని సీనియర్లు చెప్పింది ఒప్పుకోవక్కర్లేదు. గురువు లేకుండా వచ్చింది కాబట్టి భ్రమే అనే రూల్ ఎక్కడా నిలబడదు. రమణ మహర్షికి 1896లో మదురైలో, 16 ఏళ్ళ వయసులో ఆ మరణానుభవం కలిగినప్పుడు పక్కన గురువు లేరు, వేదాంత గ్రంథాలేవీ అప్పటికి చదివి లేరు, తిరువణ్ణామలై వెళ్ళాక ఎవరో తెచ్చిన పుస్తకాలు చూస్తే తనకి జరిగిందే వాటిల్లో ఉందని తెలిసింది. మీదీ అలాంటిదే అని నేను అనట్లేదు, దయచేసి అలా అనుకోకండి కూడా. వాళ్ళు చెప్పిన కారణం చెల్లదు అంటున్నానంతే.

ఇక అత్తగారి మాట. నిజానికి మీ ఇంట్లో మీకు బాగా పనికొచ్చే మనిషి ఆవిడే అని నాకనిపిస్తోంది, మీరు ఆవిడ మీద కాస్త చిరాగ్గా రాశారు గానీ. శాస్త్రంలో ఒక మంచి ఏంటంటే అది మిమ్మల్ని పొగడదు, మీ నుంచి దానికి ఏమీ అక్కర్లేదు. అయితే దేనికి పడితే దానికి ప్రమాణం అని శంకరాచార్యులే ఒప్పుకోలేదు. గీతాభాష్యంలో 18వ అధ్యాయం 66వ శ్లోకం దగ్గర ఆయన, నిప్పు చల్లగా ఉంటుందని వంద శ్రుతులు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అది ప్రమాణం కాదని రాశారు. కంటికీ లెక్కకీ అందని విషయాల్లోనే శ్రుతి మాట చెల్లుతుందని ఆయన లెక్క. పైగా పుస్తకాన్ని నమ్ముతా, మనుషుల్ని నమ్మను అంటే కుదరదు, అవే బ్రహ్మసూత్రాలు చదివి శంకరులు అద్వైతం అన్నారు, రామానుజులు విశిష్టాద్వైతం అన్నారు, మధ్వులు ద్వైతం అన్నారు, అంటే పుస్తకం పట్టుకున్నా ఎవరో ఒకరి వెనకాలే నడుస్తున్నాం.

అసలు నాకు గుచ్చుకుంది మీరు చివర్లో ఏదో చిన్న విషయంలా రాసిన లైను, దీక్ష తీసుకున్నాక ప్రశ్నలు అడగకూడదు, అక్కడి సంగతులు బయట ఎవరికీ చెప్పకూడదు అని రూల్ ఉందట. మంత్రం బయటికి చెప్పొద్దనడం చాలా సంప్రదాయాల్లో ఉంది, దాని గురించి నాకేం అభ్యంతరం లేదు. ప్రశ్న అడగొద్దనడం వేరు. గీత 4వ అధ్యాయం 34వ శ్లోకంలో జ్ఞానుల దగ్గర ఎలా తెలుసుకోవాలో చెప్తూ ప్రణిపాతం అంటే సాష్టాంగ నమస్కారం, సేవ, వాటి మధ్యలో పరిప్రశ్న అని ఉంది, అంటే బాగా అడగమనే. రామకృష్ణ పరమహంస డబ్బు తాకలేరంటే నమ్మక శిష్యుడు నరేంద్రుడు, అంటే తర్వాతి వివేకానందుడు, ఆయన లేనప్పుడు పరుపు కింద రూపాయి పెట్టాడని, ఆయన కూర్చోగానే ఉలిక్కిపడి లేచారని, సంగతి తెలిశాక కోప్పడకుండా అలా పరీక్షించే తీసుకోమన్నారని జీవితచరిత్రల్లో చెప్తారు. రూపాయి సంగతి నమ్మినా నమ్మకపోయినా, శిష్యుడు అనుమానిస్తే ఆ గురువు ఎలా ఉన్నారో చూడండి. ప్రశ్నకి జవాబు తెలీకపోవడం గురువుకి తప్పేం కాదు, ప్రశ్న అడిగిన మనిషిని అహంకారి అని ముద్ర వేయడం దగ్గరే మీరు జాగ్రత్తపడాలి.

ఎవర్ని నమ్మాలో తెలీట్లేదని అడిగిన కాలాములనే జనానికి బుద్ధుడు చెప్పిన మాటల్ని చాలామంది సగమే చెప్తారు, పుస్తకంలో ఉందనో గురువు చెప్పాడనో నమ్మొద్దు అన్నాడని. తర్కానికి సరిపోయిందని, మన ఆలోచనకి నచ్చిందని కూడా నమ్మొద్దన్నాడు, అది ఎవరూ చెప్పరు. దాన్ని ఆచరిస్తే లోభం, ద్వేషం, మోహం తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా, తెలిసినవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారా లేదా చూసుకోమన్నాడు. మీ విషయంలో నేను అడిగేదీ అదే. ఆ రోజు తర్వాత కొన్ని వారాలు మీకు ఎవరి మీదా కోపం రాలేదని రాశారు, బాగుంది. కానీ ఇప్పుడు అది మళ్ళీ రావాలని రాత్రి పన్నెండింటికి పడుకుని మూడింటికే లేస్తున్నారు, మొన్న మీ చిన్నోడు నిద్రలేచి తలుపు కొడితే లోపల్నుంచి గడియపెట్టి ధ్యానం అయ్యేదాకా తియ్యలేదు, వాడు ఏడ్చి ఏడ్చి తలుపు దగ్గరే పడుకుండిపోయాడు. అనుభవం మంచిదే కావచ్చు, దాని వెంటపడ్డం మాత్రం మంచిగా లేదు.

యోగసూత్రాల్లో పతంజలి ఆటంకాలు తొమ్మిది చెప్తాడు, మొదటి పాదం 30వ సూత్రం. అందులో భ్రాంతిదర్శనం, అంటే ఒకదాన్ని ఇంకోటిగా పొరబడడం, ఉంది, చివర్న అనవస్థితత్వం ఉంది, అంటే అందిన స్థితి నిలబడకపోవడం. సరిగ్గా మీ ఏడు నెలల బాధ. కాబట్టి మీరేదో పోగొట్టుకున్నారనో పాపం చేశారనో కాదు, ఈ దారిలో జరిగేదే.

ముందు నిద్ర సరిచెయ్యండి, కనీసం ఏడు గంటలు, కూర్చునే టైమ్ తగ్గించండి. నిద్ర లేకుండా గంటలు గంటలు కూర్చుంటే వెలుగులు, శబ్దాలు ఎవరికైనా రావచ్చు, వాటికి కథలు అల్లొద్దు. పగలు పని చేసుకుంటున్నప్పుడు కూడా ఒళ్ళు నాది కాదన్నట్టు ఉన్నా, గొంతులు వినిపించినా సైకియాట్రిస్ట్‌ని కలవండి, దానివల్ల మీ సాధనకి వచ్చే నష్టమేం లేదు.

దీక్ష ఈ నెలలో వద్దు. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లయోలా అనే క్రైస్తవ సాధువు మనసు ఎండిపోయినట్టు ఉన్నప్పుడు ముందు తీసుకున్న నిర్ణయం మార్చొద్దని, ఆనందం పొంగినప్పుడు తొందరపడి మొక్కులు మొక్కనివ్వొద్దని రాసి పెట్టాడు, మీరిప్పుడు మొదటి రకంలో ఉన్నారు. మీ ఆయనతో గొడవ పెట్టుకోకుండా, "మీ నమ్మకాన్ని నేనేం అనట్లేదు, కానీ నేను మీకు మాత్రమే చెప్పుకున్నది వాళ్ళకి చెప్పడం నాకు బాధేసింది, దీక్ష సంగతి నాకు నేనుగా తేల్చుకోనివ్వండి" అని చెప్పండి. ఆయన వినకపోతే సీనియర్లతో కాదు, నేరుగా ఆ గురువుగారితో ఒక్కసారి మాట్లాడతానని అడగండి, ఈ ప్రశ్నలొద్దనే రూల్ ఎందుకో ఆయన్నే అడగండి. ఆ ఒక్క అవకాశం కూడా ఇవ్వకపోతే ఇంక ఆలోచించడానికేం లేదు. ఈలోపు ఆ 30వ సూత్రం అత్తగారి ముందు పెట్టి అర్థం చెప్పమనండి, మీ అనుభవం సంగతి ఎత్తకుండానే. ఆవిడ మీకంటే ముందు నుంచి ఇవన్నీ చదువుతున్నారు, ఆవిడకీ ఏదో ఒకరోజు ఏదో జరిగే ఉంటుంది, చెప్తే చెప్తారు.