పెరటి ముచ్చట్లు: మందారం మీద దూది, కరివేపాకు మీద రెట్ట

ప్రశ్న: పిన్నిగారూ, మూడేళ్ళ క్రితం తులసికోట పక్కన నాటిన ముద్దమందారం నిరుడు దసరాకి విరగబూసింది. ఇప్పుడేమో మొగ్గలు గోరంత ఉండగానే పసుపెక్కి రాలిపోతున్నాయి. చివుళ్ళు గుప్పిట మూసినట్టు ముడుచుకున్నాయి, వాటి మీద దూదిలాంటి తెలుపు. ఎరువుల కొట్టులో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టాను. పది రోజులకి మళ్ళీ మామూలే. పీకేయమంటున్నారు మా అత్తగారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పీకకు తల్లీ. ముందు వెళ్ళి కాండం చూసి రా. చీమలు బారు కట్టి ఎక్కుతున్నాయా? నువ్వు రాయలేదు గానీ, ఎక్కుతూనే ఉండి ఉంటాయి.

ఆ దూది పిండినల్లి. చివుళ్ళలో రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. చీమలు వచ్చేది ఆ తీపి కోసమే. తిని పోతే బాగుండేది, పిండినల్లిని తినడానికొచ్చే పురుగుల్ని కూడా తరిమేస్తాయి. పాడిగేదెకి కాపలా కాసినట్టు! ఆ జిగురు పడ్డ ఆకులకి తర్వాత మసి కూడా పడుతుంది.

నీ మందు ఎందుకు పట్టలేదంటే, దాని ఒంటి మీద మైనంలాంటి పూత ఉంటుంది, గుడ్లేమో దూది సంచిలో భద్రం. పైగా మనం ఆకుల పైన కొడతాం, అది ఆకు అడుగున, కణుపుల సందుల్లో కూర్చుంటుంది.

ముడుచుకున్న చివుళ్ళన్నీ జానెడు కిందికి కత్తిరించు. వాటిని పెరట్లో మూలకి విసరకు, పిల్లపురుగులు నడుచుకుంటూ తిరిగొస్తాయి. కవర్లో వేసి మూతి బిగించి ఎండలో పడెయ్యి. మిగిలినవాటిని పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్ళు పెట్టి రుద్దు, పైపు నీళ్ళు గట్టిగా కొట్టు. మర్నాడు సాయంత్రం వేపనూనె పిచికారీ చెయ్యి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు చాలు. నూనెని ముందు కాస్త సబ్బునీళ్ళలో గిలక్కొట్టాలి, లేకపోతే పైన తేలిపోతుంది. వారానికోసారి చొప్పున మూడు వారాలు. ఎండలో మాత్రం వద్దు. నేనొకసారి మే నెలలో మిట్టమధ్యాహ్నం కొట్టి రేకమందారం ఆకులన్నీ మాడ్చేశాను. 'వేపనూనె వేపుడా?' అన్నారు మావారు. ఇప్పటికీ అంటారు.

ఇక చీమల సంగతి. కాండం చుట్టూ గుడ్డపీలిక కట్టి, దాని మీద గ్రీజు రాయి. బెరడుకి నేరుగా రాయొద్దు. గోడకో తులసికోటకో తగిలే కొమ్మలుంటే తీసెయ్యి. నేను గ్రీజు రాసి కూడా రెండు నెలలు టెన్షన్ పడ్డాను, చీమలు తగ్గలేదు. తీరా చూస్తే బట్టలారేసే తీగ మీదుగా దర్జాగా దిగుతున్నాయి!

యూరియా వేస్తున్నావేమో, ఆపు. దాంతో వచ్చే లేత చివుళ్ళంటే పిండినల్లికి పండగ. నీళ్ళు కూడా మట్టిలో వేలు పెట్టి చూసి పొయ్యి. వేళ్ళ దగ్గర బురదగా ఉన్నా మొగ్గలు రాలతాయి.

ఒక జాగ్రత్త. ఆ దూదిలో కాస్త పెద్దది, ఒళ్ళంతా తెల్లటి పోగులతో గబగబా నడిచేది కనిపిస్తే చంపకు. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల, క్రిప్టోలేమస్ అంటారు. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెప్పించారు. తెలియక నేను చాలావాటిని బ్రష్‌తో నలిపేశాను. అది కనబడిన కొమ్మకి వేపనూనె కూడా కొట్టకు.

ప్రశ్న: మోకాలెత్తు కరివేపాకు మొక్క మీద పిట్టలు రెట్టలు వేస్తున్నాయి. ఆకులు కూడా తగ్గిపోతున్నాయి. వల కట్టమంటారా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: వల తర్వాత, ముందు ఆ రెట్టని పుల్లతో కదిపి చూడండి. కదిలిందా? అది సీతాకోకచిలుక గొంగళిపురుగు. చిన్నప్పుడు పిట్టలు తినకుండా వాటి రెట్టలాగే నటిస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చ రంగుకి మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. భయపడకండి, కుట్టదు.

నిమ్మా కరివేపాకూ ఒకే కుటుంబం, అందుకని రెండింటి మీదా గుడ్లు పెడుతుంది. మీది చిన్న మొక్క కాబట్టి రోజూ పొద్దున లేతాకులు తిప్పి చూసి ఏరెయ్యండి, మందు అక్కర్లేదు. ఏరినవాటిని చంపబుద్ధి కాకపోతే పెద్ద నిమ్మచెట్టు మీద వదలండి. మా నిమ్మచెట్టుకి గోడవైపు కొమ్మ ఒకటి వాటికే ఇచ్చేశాను. ప్రస్తుతం నాలుగున్నాయి, మా మనవడి లెక్క ప్రకారం అయిదు.