ఫుట్‌బాల్ ఏజెంట్ అవుతానంటున్నాడు, కోర్సు మార్చనివ్వాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి అకౌంటింగ్ డిగ్రీ రెండో ఏడాది. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. 2025 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా, రౌండ్లలో ఎంచుకునే కార్యక్రమం) మొదటి పిక్‌గా, అంటే అందరికంటే ముందు ఎంపికైన కామ్ వార్డ్‌కు నాలుగేళ్లకు దాదాపు 4.88 కోట్ల డాలర్లు వచ్చాయని, అలాంటి కుర్రాళ్ల తరఫున బేరమాడే ఏజెంట్ అయితే చాలని అంటున్నాడు. అకౌంటింగ్ మానేసి స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లోకి మారతాడట. మారనివ్వమంటారా?
- ఒక తండ్రి

జవాబు: ఏజెంట్ కావాలన్న కోరికకు అడ్డు చెప్పకండి. అకౌంటింగ్ మాత్రం వదలనివ్వకండి. ఆ వృత్తిలో అతనికి అన్నం పెట్టేది అదే.

మీ అబ్బాయి చెప్పిన 4.88 కోట్లలో ఏజెంట్ బేరమాడి తెచ్చింది చాలా తక్కువ. ఒకప్పుడు అలా ఉండేది కాదు. 2010లో మొదటి పిక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది, అందులో 5 కోట్లు గ్యారంటీ, అంటే జట్టు తీసేసినా ఇవ్వాల్సిందే. అప్పటికి అతను అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మరుసటి ఏడాది అదే మొదటి స్థానంలో వచ్చిన కామ్ న్యూటన్‌కు దక్కింది నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లు. ఆ మధ్యలో, 2011 వేసవిలో, జట్ల యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ కొత్త ఒప్పందం కుదిరింది. ఎన్నో పిక్‌కు ఎంతన్నది అప్పటినుంచి దాదాపు ముందే ఖరారైపోతోంది. ఆర్టీసీ బస్సులో టికెట్ ధర మీద ఎంత బేరమాడగలమో, కొత్త ఆటగాడి మొత్తం మీదా అంతే. పైగా డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్ల కాంట్రాక్ట్‌ను మూడు సీజన్లు పూర్తయ్యేదాకా తిరగరాయడానికి లేదు. మొదటి రౌండ్ వాళ్లను ఐదో ఏడాదికి ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా జట్టు ఇష్టమే.

మరి ఏజెంట్ ఏం చేస్తాడు? చిన్న అక్షరాల మీద పోరాడతాడు. 2016లో మూడో పిక్ జోయీ బోసా ఆగస్టు నెలాఖరుదాకా శాన్ డియాగో చార్జర్స్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టలేదు. మొత్తం ఎంతన్నదాని మీద గొడవే లేదు. సైనింగ్ బోనస్‌లో (సంతకం పెట్టినందుకు ఇచ్చే మొత్తం) ఏ భాగం ఎప్పుడు చేతికొస్తుంది, ఆఫ్‌సెట్ షరతు ఉండాలా వద్దా అన్నవే ఆ రెండు పేచీలు. ఆఫ్‌సెట్ ఉంటే, జట్టు ఆటగాణ్ని మధ్యలో తీసేసి అతను వేరే జట్టులో చేరినప్పుడు, అక్కడ వచ్చే జీతాన్ని పాత జట్టు తన బాకీలోంచి తగ్గించుకుంటుంది. లేకపోతే రెండుచోట్లా డబ్బు వస్తుంది. 2025లో రెండో రౌండ్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ జేడెన్ హిగ్గిన్స్‌కు పూర్తి గ్యారంటీ ఇచ్చేసరికి, మాకూ కావాలంటూ ఆ రౌండ్ కుర్రాళ్లు చాలామంది జూలై దాకా సంతకాలు ఆపేశారు. నా దృష్టిలో ఈ వృత్తి అసలు పనితనం ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఇక సంపాదన. ఆటగాళ్ల సంఘం నిబంధనల ప్రకారం ఏజెంట్ కమిషన్ గరిష్ఠంగా 3 శాతం, ఏజెంట్, ఆటగాడు రాసుకునే ప్రామాణిక పత్రంలో ఉండేది 1.5 శాతం. వార్డ్ కాంట్రాక్ట్ మీద 1.5 శాతమంటే నాలుగేళ్లకు కలిపి దాదాపు 7.3 లక్షల డాలర్లు. అయితే అలాంటి ఆటగాడు ఏడాదికొక్కడే, అతని చుట్టూ పేరున్న ఏజెంట్లు ముందే ఉంటారు. కొత్త ఏజెంట్‌కు దొరికేది ఏ రౌండ్‌లోనూ పిలుపు రాని కుర్రాడు. 2025లో కొత్తవాళ్ల కనీస జీతం 8.4 లక్షల డాలర్లు. అతను సీజనంతా జట్టులో నిలిస్తే, 3 శాతం లెక్కన ఏజెంట్‌కు 25,200. డ్రాఫ్ట్‌కు ముందు నెలల తరబడి శిక్షణ, వసతి ఖర్చు సాధారణంగా ఏజెంటే పెట్టుకుంటాడు. ఆగస్టులో జట్టు ఆ కుర్రాణ్ని తీసేస్తే ఆ డబ్బు తిరిగిరాదు.

పెద్ద డబ్బు రెండో కాంట్రాక్ట్‌లో ఉంటుంది. 2022లో అందరికంటే చివరి పిక్ బ్రాక్ పర్డీ. మూడు సీజన్లు కనీస జీతానికి కాస్త అటూ ఇటూ ఆడాడు. 2025 మేలో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అతనికి అయిదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అంతకాలం ఓపిక పట్టగల ఏజెంట్ ఇంటి అద్దె ఎలా కట్టుకుంటాడో మీ అబ్బాయి ఇప్పుడే ఆలోచించుకోవాలి.

అకౌంటింగ్ అక్కడే ఆదుకుంటుంది. వార్డ్ సైనింగ్ బోనస్ సుమారు 3.2 కోట్ల డాలర్లు, ఫెడరల్ పన్ను పై శ్లాబు 37 శాతం. వార్డ్ జట్టు ఉన్న టెన్నెసీలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, కాలిఫోర్నియాలో పై శ్లాబు 13 శాతం దాటుతుంది. బయట రాష్ట్రాల్లో ఆడిన మ్యాచ్‌లకు అక్కడా పన్ను కట్టాల్సిరావచ్చు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇవన్నీ విడమరిచి చెప్పగల మనిషి దొరకడం కష్టం. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు కూడా ప్రకటనల్లాంటి వాటికి తమ పేరు వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు కాబట్టి వాళ్లకూ ఈ అవసరం వచ్చింది.

ఏజెంట్ గుర్తింపుకు మామూలుగా డిగ్రీ మీద పీజీ గానీ లా గానీ ఉండాలి, ఆటగాళ్ల సంఘం పెట్టే పరీక్ష పాసవ్వాలి. మూడేళ్లలో ఒక్క కాంట్రాక్ట్ అయినా చేయకపోతే గుర్తింపు పోతుంది. అందుకే డిగ్రీ, సీపీఏ (అమెరికాలో అకౌంటెంట్ల లైసెన్స్) పూర్తిచేసి, తర్వాత లా చదవమనండి. ఈ వేసవిలో ఆటగాళ్ల పన్నులు చూసే సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించనివ్వండి. యజమానులు, ఆటగాళ్ల మధ్య ఒప్పందం మొత్తం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో కొత్త ఆటగాళ్ల జీతాల అధ్యాయం చదివి మీకు వివరించమనండి. అది ఆసక్తిగా చదివాడంటే లా ఫీజు కట్టడానికి వెనకాడకండి.