కణాలా, నక్షత్రాలా? న్యూట్రినోల దారిలో రెండూ వస్తాయి

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. న్యూట్రినోల (దేన్నైనా దాదాపు తాకకుండానే దాటిపోయే అతి చిన్న కణాలు) మీద పరిశోధన చేయాలని ఉంది. పార్టికల్ ఫిజిక్స్ తీసుకోవాలా, ఆస్ట్రోఫిజిక్స్ తీసుకోవాలా తేలడం లేదు. ఏళ్ల తరబడి పనిచేసి ఏమీ దొరక్కపోతే ఎలా అని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: ఈ రెండింటిలో ఒకటి తేల్చుకోవాల్సిన అవసరం మీకు ఇప్పుడే లేదు. జపాన్‌లోని కమియోకాండే డిటెక్టర్‌ను ప్రోటాన్ విచ్ఛిన్నమవుతుందేమో చూడటానికి కట్టారు. ప్రోటాన్ అలా విచ్ఛిన్నం కావడం ఇప్పటికీ ఎవరికీ కనిపించలేదు. కానీ 1987 ఫిబ్రవరిలో పక్క గెలాక్సీలో పేలిన నక్షత్రం నుంచి వచ్చిన న్యూట్రినోలు అందులో పడ్డాయి. ప్రపంచం మొత్తం మీద దొరికినవి సుమారు పాతికే! ఆ పనికి మసతోషి కొషిబాకు 2002లో నోబెల్ వచ్చింది. తర్వాత కట్టిన సూపర్ కమియోకాండేలో కథ అటునుంచి నడిచింది. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలు మన వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రినోలను లెక్కపెట్టి, అవి దారిలో రకం మార్చుకుంటున్నాయని, అంటే వాటికి ద్రవ్యరాశి ఉందని 1998లో చూపించారు. ఆకాశం నుంచి వచ్చినవాటితో కణం గుణం తెలిసింది.

కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది రోజూ ఏ పని చేయాలన్నది. సెన్సర్లు, కాలిబ్రేషన్ (వాటి కొలతలు సరిచూడటం) ఒక రకం పని. డేటా విశ్లేషణ ఇంకో రకం. థియరీ మూడోది. అందరి కన్నూ థియరీ మీదే ఉంటుంది, సీట్లు మాత్రం తక్కువ. నన్నడిగితే డేటా వైపు వెళ్లి, కొంత హార్డ్‌వేర్ కూడా నేర్చుకోమంటాను. దక్షిణ ధ్రువం దగ్గర ఘన కిలోమీటరు మంచులో 5,160 సెన్సర్లు దించిన ఐస్‌క్యూబ్ సంగతే చూడండి. మన పాలపుంత నుంచి వచ్చే న్యూట్రినోల జాడ 2023లో బయటపడింది. దానికోసం కొత్త యంత్రమేమీ కట్టలేదు. పదేళ్ల డేటాను మెషీన్ లెర్నింగ్‌తో మళ్లీ జల్లెడ పట్టారు. పైథాన్, సీ ప్లస్ ప్లస్, గణాంకశాస్త్రం గట్టిగా వస్తే రేపు పరిశోధన వదిలేసినా ఖాళీగా కూర్చోరు.

ఏమీ దొరక్కపోతే అన్నారు కదా. జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం న్యూట్రినో ద్రవ్యరాశిని ఇంకా కొలవలేదు. 0.45 ఎలక్ట్రాన్ వోల్టులకు (కణాల ద్రవ్యరాశికి వాడే కొలమానం) మించదని 2025లో ప్రకటించింది, అంతే. ఇలాంటి హద్దుల మీద పీహెచ్‌డీలు హాయిగా వస్తాయి. అసలు భయపడాల్సింది కట్టడం పూర్తికాని డిటెక్టర్ల విషయంలో. చైనాలోని జూనో డిటెక్టర్ అయితే 2025 ఆగస్టులో డేటా తీయడం మొదలుపెట్టింది. జపాన్‌లో హైపర్ కమియోకాండే, అమెరికాలో డ్యూన్ మాత్రం ఇంకా నిర్మాణంలోనే ఉన్నాయి. అలాంటిచోట చేరితే థీసిస్ చాలావరకు కంప్యూటర్ సిమ్యులేషన్లతోనే గడిచిపోవచ్చు. అది తప్పు కాదు, తెలిసి చేరాలి. గైడ్‌ను ముందే అడగండి: 'మూడో ఏడాదికి నా చేతిలో ఏ డేటా ఉంటుంది?' సూటిగా జవాబు రాకపోతే ఇంకో గ్రూపు చూసుకోండి.

ఇంకో మాట. ఈ ప్రయోగాల్లో ఒక్కో పేపరు మీద వందల పేర్లు, చాలావాటిలో అక్షర క్రమంలో ఉంటాయి. మీరేం చేశారో పేపరు చూస్తే తెలియదు, సిఫారసు లేఖే చెప్పాలి. అందుకే గైడ్ పేరుప్రతిష్ఠల కన్నా, విద్యార్థులకు ఆయన ఎంత సమయం ఇస్తాడో వాకబు చేయడం ముఖ్యం.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఐస్‌క్యూబ్ 2008 నుంచి 2018 దాకా నమోదు చేసిన న్యూట్రినోల జాబితా అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఎన్‌జీసీ 1068 అనే గెలాక్సీ వైపు నుంచి న్యూట్రినోలు ఎక్కువగా వస్తున్నాయని ఆ బృందం 2022లో చెప్పింది. ఆ దిక్కున మీకేమైనా కనిపిస్తుందేమో గ్రాఫ్ గీసి చూడండి. సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు. ప్రొఫెసర్లకు రాసే మెయిల్‌కు ఆ గ్రాఫ్ జత చేసి, ఎక్కడ ఆగిపోయారో రెండు లైన్లు రాయండి. 'చిన్నప్పటి నుంచి నాకు విశ్వమంటే ఆసక్తి' అన్న వాక్యం మాత్రం తీసేయండి. వాళ్లకు వచ్చే ప్రతి మెయిల్‌లోనూ అదే ఉంటుంది.