గెస్టులకి ఊరు చూపించాలనుకుంటున్న మా అమ్మలూకి

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాన్రా. మూడు రోజుల్లో పద్నాలుగు చోట్లు, పొద్దున ఎనిమిదింటికి మొదలెడితే రాత్రి తొమ్మిది దాకా ఊపిరి పీల్చుకోడానికి కూడా ఖాళీ లేదు. ఎంత ఇష్టంగా కూర్చుని రాశావో తెలుస్తూనే ఉంది, వచ్చేవాళ్ళు ఏదీ మిస్ కాకూడదని నీ తాపత్రయం. కానీ ఇన్నేళ్ళు ఇంట్లో గదులిచ్చి గెస్టుల్ని చూసుకున్నదాన్ని కదా, నా మాట విను, పూటకి ఒకటే పెట్టు. పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, అంతే. మధ్యాహ్నం వాళ్ళకొదిలెయ్, గదికొచ్చి పడుకుంటారో ఊరికే వీధులు తిరుగుతారో వాళ్ళిష్టం.

మ్యూజియంలో వచ్చే అలసట మామూలు నడకలో వచ్చేలాంటిది కాదు. రెండడుగులు వెయ్యడం ఆగడం, వంగి చదవడం, మెడ ఎత్తి చూడటం, మళ్ళీ రెండడుగులు. 1916లోనే బోస్టన్‌లో మ్యూజియంలో పనిచేసే బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ అనే ఆయన దీనికి మ్యూజియం ఫెటీగ్ అని పేరు పెట్టి, అద్దాల పెట్టెల్లో వస్తువులు చూడటానికి మనిషి ఎలా వంగాల్సొస్తుందో ఎలా చతికిలపడాల్సొస్తుందో ఫొటోలు తీసి మరీ చూపించాడు. వందేళ్ళు దాటింది, కాళ్ళు మాత్రం అవే కాళ్ళు.

నాకిది ఎలా అర్థమైందో చెప్తాను. ఒకసారి పెద్దవయసు దంపతులు దిగారు, ఆయనకి బొమ్మలంటే ప్రాణం. ఆవిడకి మోకాలు నొప్పి ఉందని బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఆవిడ కూర్చునే తీరులోనే కనిపించింది నాకు, కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లిగా దిగింది. అయినా నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. రెండు మ్యూజియాలు ఒక కోట రాసిచ్చి పంపాను. సాయంత్రం ఆవిడ మా గడప దగ్గరే కూలబడిపోయింది, చెప్పులు విప్పితే పాదం ఉబ్బి పట్టీ వార ఎర్రగా అచ్చు పడి ఉంది, చేతిలో కోట టికెట్టు చింపకుండా అలాగే ఉంది. కింద నుంచి గేటు దాకానే అన్ని మెట్లుంటాయని నాకు తెలిస్తే కదా! అప్పట్నుంచి నేను స్వయంగా వెళ్ళి మెట్లు లెక్కపెట్టకుండా, కూర్చోడానికి బెంచీలు ఎక్కడున్నాయో బాత్రూం ఎక్కడుందో చూడకుండా ఏ చోటూ ఎవరికీ చెప్పలేదు.

చెకిన్ టైంలో మాత్రం ఏమీ అడక్కు. ప్రయాణం చేసొచ్చిన మనిషి దేనికైనా సరే సరే అనేస్తాడు. స్నానం చేసి కాస్త తేరుకున్నాక కూర్చోబెట్టి, మీకేం ఇష్టం అని కాకుండా ఇంతకుముందు వెళ్ళిన ట్రిప్పులో ఏది బాగా గుర్తుండిపోయింది అని అడుగు, అప్పుడు నిజం బయటకొస్తుంది. గుళ్ళూ చర్చిలూ అంటారనుకున్నవాళ్ళు ఒక ముసలాయన కుండ చేస్తుంటే గంటసేపు చూశాం అంటారు. దూరదేశం నుంచి తూర్పు వైపు ప్రయాణించి వచ్చినవాళ్ళైతే మొదటి రెండు రోజులు పొద్దున్నే ఏదీ పెట్టకు, రాత్రి నిద్ర పట్టి ఉండదు వాళ్ళకి.

ఇక సెలవు రోజులు. దీన్ని ఎప్పుడూ గుర్తుమీద చెప్పకు. సోమవారం మూసే మ్యూజియాలు చాలా ఉన్నాయి కానీ అన్నీ అలా కాదు, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూస్తారు, తాజ్‌మహల్ శుక్రవారం. పైగా చాలాచోట్ల మూసే టైముకి అరగంటో గంటో ముందే లోపలికి పంపడం ఆపేస్తారు, ఐదింటిదాకా ఉంటుంది అన్న మాట నమ్ముకుని నాలుగున్నరకి వెళ్ళినవాళ్ళు తాళం చూసి ఉసూరుమంటూ వెనక్కొస్తారు. ముందురోజు సాయంత్రం ఒక్క ఫోన్ చెయ్, అంతే.

కొన్నిటికి ఇంకా ముందు చూసుకోవాలి. నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యాన్ ఫ్రాంక్ అనే అమ్మాయి ఉన్న ఇల్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది కదా, దానికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే, అవీ ఆరు వారాల ముందు వదులుతారు, మిలాన్‌లో డా విన్సీ గోడమీద వేసిన లాస్ట్ సప్పర్ బొమ్మ దగ్గరైతే ముందే బుక్ చేసుకున్నా లోపల పదిహేను నిమిషాలే నిలబడనిస్తారు. మీ వైపు అలాంటిది ఒక్కటున్నా సరే, గది బుక్ అయిన రోజే గెస్టుకి మెసేజ్ పెట్టు. వచ్చాక చెప్తే బాధపెట్టినట్టే అవుతుంది.

కార్డు సంగతి మర్చిపోకు, నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. అరచేతంత అట్టముక్క, ఒకవైపు వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఏం చూడాలి ఎంతసేపు పడుతుంది, రెండోవైపు అక్కడి డ్రైవర్ చదవగలిగే భాషలో మన అడ్రసు, నీ నంబరు, తిరిగొచ్చే ఆఖరి బస్సు టైము. వెళ్ళడం అందరూ చూసుకుంటారు, తిరిగి రావడమే ఎవరూ చూసుకోరు. ఫోన్ చార్జింగ్ అయిపోయి చీకట్లో నిలబడ్డ మనిషికి ఆ అట్టముక్కే దిక్కు. వర్షమొస్తే ఎక్కడికెళ్ళాలో కూడా ఆ కార్డు వెనకాలే ఒక లైను రాయి.

ప్రార్థనా స్థలాలకి వెళ్ళేవాళ్ళకి బట్టల సంగతి ముందురోజు రాత్రే చెప్పు, భుజాలు మోకాళ్ళు కప్పుకోవాలి, చెప్పులు విప్పాలి అని. గుమ్మం దగ్గర ఆపేస్తే ఆ సిగ్గు రోజంతా ఉంటుంది.

ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్తాను. గైడ్ల దగ్గరా, డ్రైవర్ల దగ్గరా, షాపుల వాళ్ళ దగ్గరా కమిషన్ తీసుకోకు. అందరూ తీసుకుంటారు అంటారు, తీసుకోనీ. నువ్వు ఇక్కడికెళ్ళండి అని చెప్పినప్పుడు వాళ్ళు మారు మాట్లాడకుండా వెళ్తారే, ఆ నమ్మకం మీదే నీ ఇల్లు నడవాలి. చోటు బాగాలేకపోతే బాగాలేదనే చెప్పు, ఎంత పేరున్నదైనా సరే.

ఆఖరిరోజు చాలామంది వదిలేస్తారు గానీ గెస్టుకి ఎక్కువ ఇబ్బంది అప్పుడే. గది పదకొండింటికి ఖాళీ చేస్తే ట్రైన్ రాత్రికి, పెద్ద బ్యాగులు మ్యూజియంలోకి రానివ్వరు. బ్యాగులు నీ దగ్గర పెట్టించుకో, వెళ్ళేముందు మొహం కడుక్కోడానికి ఒక బాత్రూం తెరిచి ఉంచు, పొద్దున్నే బయల్దేరేవాళ్ళకి బ్రేక్‌ఫాస్ట్ కట్టివ్వు.

ఆ పద్నాలుగులో ఆరు ఉంచి మిగతావి కొట్టేసి మళ్ళీ పంపు. ఉంచిన ఆరింటికీ ఈ ఆదివారం లోపు నువ్వే వెళ్ళిరా, గేటు దాకా మెట్లెన్నో లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్.

నీ పెద్దమ్మ