డబ్బుంటే తీర్పు తప్పదా?

ప్రశ్న: చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి సొంత వ్యాపారం, మంచి ఇల్లు, కారు దాకా వచ్చాను. అంతా దేవుని దయే. కానీ మందిరంలో ధనవంతుడు, లాజరు కథ మీద ప్రసంగం విన్నప్పుడల్లా టెన్షన్ మొదలవుతోంది. నేనెవరినీ మోసం చెయ్యలేదండీ. అయినా నాకు తీర్పు తప్పదా? (ఒక పాఠకుడు)

జవాబు: ఎవరినీ మోసం చెయ్యలేదన్నారు కదా, అక్కడే కాస్త ఆగుదాం. లూకా సువార్త 16వ అధ్యాయంలోని ఆ ధనవంతుడు కూడా ఎవరినో మోసం చేశాడని యేసు చెప్పలేదు. దొంగ సొమ్మనిగానీ, కూలీల కడుపు కొట్టాడనిగానీ, లాజరును వాకిట్లోంచి గెంటించాడనిగానీ ఆ కథలో ఎక్కడా లేదు. ఊదారంగు బట్టలు కట్టాడు, సన్నని నార వస్త్రాలు వేసుకున్నాడు, రోజూ సుఖంగా బతికాడు, అతని గురించి మనకు తెలిసింది ఇంతే. అతని వాకిట్లోనే ఒళ్ళంతా కురుపులతో లాజరు అనే ఒక బీదవాడు పడి ఉన్నాడు, కుక్కలు వచ్చి ఆ కురుపులు నాకుతున్నాయి. ఇంట్లోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అతన్ని దాటుకునే వెళ్ళి ఉంటాడు కదా.

చాలామంది గమనించనిది ఒకటుంది. ఇద్దరూ చనిపోయాక లాజరు పితరుడైన అబ్రాహాము రొమ్మున చేరాడు, ధనవంతుడు పాతాళానికి పోయాడు. అక్కడ యాతన పడుతూ ఆ ధనవంతుడు అబ్రాహామును ఏమడుగుతాడు? లాజరును పంపించు, వేలికొన నీళ్ళలో ముంచి నా నాలుక చల్లార్చమను అంటాడు. అంటే పేరు తెలుసన్నమాట! చూడలేదు, తెలియలేదు అనే సాకు ఇక ఏం నిలుస్తుంది? పైగా అంత అయ్యాక కూడా లాజరు అతని కంటికి నీళ్ళు తెచ్చిపెట్టాల్సిన పనివాడిలాగే కనిపిస్తున్నాడు, నాకైతే ఆ కథలో మంటలకన్నా ఇదే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

అలాగని డబ్బే పాపం అనుకుంటే లాజరును రొమ్మున చేర్చుకున్న ఆ అబ్రాహాము సంగతేంటి? పశువులు, వెండి, బంగారం బాగా ఉన్నవాడని ఆదికాండం 13వ అధ్యాయం చెబుతోంది. ఖరీదైన ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ తన ఇంటి తలుపులు తెరిచి పౌలు బృందానికి చోటిచ్చింది. యేసు దేహాన్ని తన సొంత సమాధిలో ఉంచిన అరిమతయియ యోసేపూ ధనవంతుడే.

కాబట్టి మీ కారును చూసి కంగారు పడకండి, సుఖం మెల్లగా మనిషిని ఏం చేస్తుందో అది చూసుకోండి. ఉత్తర ఇశ్రాయేలు రాజధాని సమరియలోని పెద్దలు దంతపు మంచాల మీద పడుకుని, మందలోంచి ఏరి తెచ్చిన గొర్రెపిల్లల్ని తింటూ, పాత్రల కొద్దీ ద్రాక్షారసం తాగుతూ తమ జనం నాశనమవుతుంటే చింత లేకుండా ఉన్నారని ప్రవక్త ఆమోసు మండిపడ్డాడు (6వ అధ్యాయం). చెరలోకి ముందు పోయేది మీరేనన్నాడు. కొన్ని దశాబ్దాలకే, సుమారు క్రీ.పూ. 722లో, సమరియ అష్షూరు సామ్రాజ్యం చేతిలో పడింది. 20వ శతాబ్దంలో అక్కడ తవ్వితే చెక్కిన ఏనుగు దంతపు ముక్కలు వందల్లో బయటపడ్డాయి, అంటే ఆ విలాసం ప్రవక్త నోటికొచ్చినట్టు అన్న మాటేం కాదు.

మీ వాకిట్లో ఎవరున్నారో, వాళ్ళ పేరు మీకు తెలుసో లేదో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది.

ప్రశ్న: మాకు తెలిసిన ఒక ధనవంతుడి వ్యాపారం ఒక్కసారిగా మునిగిపోయింది. గర్వానికి దేవుడు తీర్చిన తీర్పని అందరూ అంటున్నారు. నిజమేనంటారా? (ఒక పాఠకురాలు)

జవాబు: అనకండమ్మా. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులనుకుంటున్నారా, కాదు అని యేసే తేల్చి చెప్పాడు (లూకా 13). ఆ వెంటనే వింటున్నవాళ్ళతోనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారన్నాడు. అన్నీ పోగొట్టుకున్న యోబు మీద అతని స్నేహితులూ ఇలాగే తీర్పులు చెప్పి చివరికి దేవుని చేత చీవాట్లు తిన్నారు. చేతనైతే ఆ ఇంటికి వెళ్ళి పలకరించి రండి.

ప్రశ్న: దశమభాగం నెలనెలా తప్పకుండా ఇస్తాను. మిగిలిన తొంభై శాతం నా ఇష్టమే కదా? (మరో పాఠకుడు)

జవాబు: ఇది చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే, మీరు బయటికి అడిగారు. పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదోవంతు లెక్కపెట్టి ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసిన పరిసయ్యులను, అంటే ధర్మశాస్త్రాన్ని పట్టుబట్టి పాటించే ఆ మతపెద్దలను, మీకు శ్రమ తప్పదని యేసు హెచ్చరించాడు. యేసును కలిసి మారిన పన్ను వసూలుదారు జక్కయ్య పదోవంతుతో సరిపెట్టుకోలేదు, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్, కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకోవాలనుకున్న వెర్రివాడి ఉపమానం మీద మాట్లాడుతూ, నీ పెట్టెలో దాచుకున్న అంగీ బట్టలేనివాడిది అనేశాడు. ఈ మాట పాస్టర్లకూ వర్తిస్తుంది, వాళ్ళకు కాస్త ఎక్కువే వర్తిస్తుందని నా అభిప్రాయం.

సగం ఇచ్చెయ్యమని మీకు చెప్పేవాణ్ణి నేను కాదు. కానీ మీ దగ్గర పనిచేసేవాళ్ళెవరికైనా జీతం బాకీ ఉన్నారేమో ముందు చూసుకోండి. చేలు కోసినవాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిలో పడ్డాయని యాకోబు పత్రిక 5వ అధ్యాయం ధనవంతులకే రాసింది. పొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24లో ఆజ్ఞ ఉంది. దశమభాగం కవరు వచ్చే ఆదివారం ఇచ్చుకోవచ్చు, ఆ జీతం మాత్రం ఇవాళ సాయంత్రంలోగా ఇచ్చెయ్యండి.